రెండు దేశాల మధ్య ఆర్థిక సేవల నియంత్రణ సహకారం: వ్యాపారం చేసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బ్యాంకింగ్, బీమా, పెట్టుబడులు, చెల్లింపుల రంగాల్లో ఉంటూ ఇంకో దేశంలోని కస్టమర్లకు సేవలు అందించాలనుకునే వాళ్ల కోసం రాసిన పేజీ ఇది. వరసగా చదవాల్సిన పనిలేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గర మొదలుపెట్టండి. తొందరలో ఉంటే మూడో ప్రశ్న మాత్రం వదలకండి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది అక్కడే.

రెండు దేశాలు ఈ విషయంలో సహకరించుకోవడమంటే అసలు ఏం చేస్తాయి?

ఒక బ్యాంకు హెడ్డాఫీసు ఒక దేశంలో, కస్టమర్లు ఇంకో దేశంలో ఉన్నారనుకోండి. ఆ బ్యాంకు లెక్కలు సరిగ్గా ఉన్నాయా, తగినంత మూలధనం ఉందా అన్నది మొదటి దేశపు రెగ్యులేటర్‌కే (నియంత్రణ సంస్థకే) బాగా తెలుస్తుంది. తేడా వస్తే డబ్బు పోగొట్టుకునేది రెండో దేశంలోని జనం. అందుకని ఎవరు ఏం చూడాలి, ఎవరికి ఎప్పుడు ఏం చెప్పాలి, ఒకరి పర్యవేక్షణను ఇంకొకరు ఎంతవరకు నమ్మాలి అన్నది ఇద్దరూ ముందే తేల్చుకుంటారు. సహకారమంటే ఇదే.

ఈ మూడింటిలో వ్యాపారికి డబ్బు మిగిల్చేది చివరిదే. అవతలి రెగ్యులేటర్ మీ రెగ్యులేటర్‌ను ఎంత నమ్మితే మీకు అక్కడ అంత పని తగ్గుతుంది. ఆ నమ్మకం లేకపోతే ప్రతి ఫైలూ రెండుసార్లు నింపాలి, ప్రతి తనిఖీకీ రెండుసార్లు కూర్చోవాలి. ఈ పేజీలో ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా చివరికి ఈ నమ్మకం దగ్గరికే వస్తాం.

ఏ దేశం చట్టం ఆ దేశంలోనే కదా చెల్లేది. ఇంకో దేశంతో మాట్లాడాల్సిన అవసరం ఎందుకొచ్చింది?

దెబ్బలు తిన్నాకే వచ్చింది. 1974 జూన్ 26న కొలోన్‌లోని హెర్‌స్టాట్ బ్యాంకును జర్మన్ అధికారులు మూసేశారు. అక్కడ సాయంత్రం కావస్తోంది, న్యూయార్క్‌లో ఇంకా పొద్దున్నే. విదేశీ మారకపు లావాదేవీల్లో హెర్‌స్టాట్‌కు మార్కులు (అప్పటి జర్మనీ కరెన్సీ) కట్టేసిన బ్యాంకులు, బదులుగా రావాల్సిన డాలర్ల కోసం ఎదురుచూస్తూ ఉండిపోయాయి. జర్మనీలో చట్టప్రకారం చేసిన మూసివేతే, కానీ ఆ దెబ్బ అట్లాంటిక్ అవతల తగిలింది. ఒకరు కట్టేశాక అవతలివాళ్లు కట్టకుండా పోయే ఈ ప్రమాదాన్ని, అంటే సెటిల్‌మెంట్ రిస్కును, ఇప్పటికీ హెర్‌స్టాట్ రిస్కు అనే పిలుస్తారు. ఆ ఏడాది చివర్లోనే బ్యాంకు రెగ్యులేటర్ల అంతర్జాతీయ వేదిక బాసెల్ కమిటీ ఏర్పడింది. విదేశీ శాఖలను సొంత దేశం, ఆతిథ్య దేశం ఎలా పంచుకుని పర్యవేక్షించాలో చెప్పే మొదటి పత్రం 1975లో వచ్చింది.

ఆ పత్రం సరిపోలేదని బీసీసీఐ (బ్యాంక్ ఆఫ్ క్రెడిట్ అండ్ కామర్స్ ఇంటర్నేషనల్, క్రికెట్ బోర్డు కాదు) కథ తేల్చింది. ఈ బ్యాంకు లక్జెంబర్గ్‌లో ఒకటి, కేమన్ దీవుల్లో ఒకటి కంపెనీలు పెట్టుకుని, అసలు వ్యవహారమంతా లండన్ నుంచి నడిపింది. డెబ్బైకి పైగా దేశాల్లో శాఖలుండేవి. ఎవరికి వాళ్లు తమ ముక్క చూసుకున్నారు తప్ప మొత్తం బొమ్మ ఏ ఒక్కరి చేతిలోనూ లేదు. ఆ ఖాళీలోనే ఏళ్ల తరబడి మోసం సాగింది. 1991 జూలై 5న పలు దేశాలు కలిసి మూయించాయి. ఏదో ఒక రెగ్యులేటర్ మొత్తం గ్రూపు లెక్కలను కలిపి చూసి తీరాలన్న కనీస ప్రమాణాలు 1992లో వచ్చాయి. మీ గ్రూపు నిర్మాణం గజిబిజిగా ఉంటే రెగ్యులేటర్లు ఇప్పటికీ ఎందుకంత అనుమానంగా చూస్తారో అర్థం కావాలంటే ఈ ఒక్క కథ చాలు.

రెండు దేశాల రెగ్యులేటర్లు ఎంఓయూ (అవగాహన పత్రం) చేసుకున్నారు. ఇక మా కంపెనీ అక్కడ వ్యాపారం మొదలుపెట్టొచ్చా?

మొదలుపెట్టకూడదు. ఎంఓయూ రెగ్యులేటర్ల మధ్య కాగితం. అందులో మీకు హక్కులేవీ రావు. మామూలుగా అది చట్టపరంగా కట్టుబడి ఉండాల్సిన ఒప్పందం కూడా కాదు, ఆ మాట అందులోనే రాసుకుంటారు. సంతకాల ఫొటో పేపర్లో చూసి, అవతలి దేశంలో ఆఫీసు అద్దెకు తీసుకుని, ఆ తర్వాత లైసెన్స్ గురించి అడిగేవాళ్లు నిజంగానే ఉన్నారు. లైసెన్స్ కావాలా వద్దా అన్నది ఆ దేశపు చట్టం చెబుతుంది. లేదా, ఆ చట్టం కింద ఇచ్చిన ప్రత్యేక గుర్తింపు చెబుతుంది.

మరి ఎంఓయూలో ఉండేదేమిటి?

ఎక్కువగా సమాచార మార్పిడి. ఎవరు ఎవరికి రాయాలి, అడిగిన సమాచారం ఏ పనికి వాడాలి, ఇంకెవరికైనా ఇవ్వాలంటే ఎవరి అనుమతి కావాలి, తనిఖీకి వచ్చే ముందు ఎలా చెప్పాలి, సంక్షోభం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఇలాంటివి.

సెక్యూరిటీస్ మార్కెట్లకైతే ప్రతి జంట దేశాలూ విడివిడిగా కూర్చోవాల్సిన అవసరం చాలావరకు తీరిపోయింది. అంతర్జాతీయ సెక్యూరిటీస్ కమిషన్ల సంస్థ ఐఓఎస్‌సీఓ 2002లో ఒక బహుపాక్షిక ఎంఓయూ తెచ్చింది. భారత మార్కెట్ రెగ్యులేటర్ సెబీ 2003లో చేరింది. ఇప్పుడు 120కి పైగా రెగ్యులేటర్లు అందులో ఉన్నారు. దాని కింద బ్యాంకు ఖాతాల రికార్డులు, బ్రోకరేజ్ రికార్డులు, ఖాతా వెనక అసలు యజమాని ఎవరన్న వివరాలు అడిగి తీసుకోవచ్చు. ఇన్‌సైడర్ ట్రేడింగ్ చేసి డబ్బును ఇంకో దేశంలోని ఖాతాలో దాచుకుంటే ఎవరికీ తెలియదనుకునే రోజులు పోయాయి.

పాస్‌పోర్ట్, ఈక్వివలెన్స్, పరస్పర గుర్తింపు అన్నీ ఒకటేనా?

కాదు. మూడింటికీ బలం వేరు.

పాస్‌పోర్ట్ అన్నిటికన్నా బలమైనది. యూరోపియన్ యూనియన్‌లో ఒక సభ్యదేశంలో లైసెన్స్ తీసుకున్న సంస్థ మిగతా సభ్యదేశాల్లో మళ్లీ లైసెన్స్ లేకుండా సేవలందించవచ్చు. నిబంధనలు ఉమ్మడిగా రాసుకున్నారు, వివాదం వస్తే తేల్చే కోర్టు కూడా ఉమ్మడిదే. అందుకే అది సాధ్యమైంది. బ్రిటన్ బయటికొచ్చాక 2020 డిసెంబర్ 31తో బ్రిటిష్ సంస్థలకు ఆ సౌకర్యం పోయింది. చాలా సంస్థలు డబ్లిన్, ఫ్రాంక్‌ఫర్ట్, పారిస్, లక్జెంబర్గ్‌లలో కొత్తగా కంపెనీలు పెట్టుకోవాల్సి వచ్చింది.

ఈక్వివలెన్స్ అంటే "మీ నిబంధనలు మా నిబంధనలకు సమానమైన ఫలితమే ఇస్తున్నాయి" అని ఒక పక్షం తనంతట తాను చేసే ప్రకటన. ఇచ్చేదీ వాళ్లే, తీసేసేదీ వాళ్లే. ఒక్కో చిన్న విభాగానికి విడిగా ఇస్తారు. క్లియరింగ్‌కు (కొనేవాళ్లకు, అమ్మేవాళ్లకు మధ్య నిలబడి లావాదేవీ పూర్తి చేసే పనికి) వచ్చిందని ట్రేడింగ్‌కు వచ్చినట్టు కాదు.

పరస్పర గుర్తింపు ఇద్దరూ కూర్చుని రాసుకునే ఒప్పందం. వెనక్కి తీసుకోవాలంటే ఏ పద్ధతిలో తీసుకోవాలి, ముందు ఎవరితో చర్చించాలి అన్నది కూడా అందులో ఉంటుంది. నా దృష్టిలో దాని అసలు విలువ ఈ భాగంలోనే ఉంది. తలుపు ఎంత వెడల్పుగా తెరిచారని అందరూ చూస్తారు. దాన్ని చెప్పాపెట్టకుండా మూసేసే అధికారం ఎవరికుందో చూసేవాళ్లు తక్కువ.

గుర్తింపు రావాలంటే రెండు దేశాల నిబంధనలు ఒకేలా ఉండాలా?

అక్కర్లేదు. ఫలితం ఒకేలా ఉంటే చాలని ఒప్పుకునే పద్ధతి ఉంది. దీనికి బ్రిటన్, స్విట్జర్లాండ్ 2023 డిసెంబర్ 21న చేసుకున్న బెర్న్ ఆర్థిక సేవల ఒప్పందం మంచి ఉదాహరణ. బ్యాంకింగ్, పెట్టుబడి సేవలు, బీమా, ఆస్తుల నిర్వహణ, మార్కెట్ మౌలిక సంస్థలు అందులోకి వస్తాయి. మామూలు చిన్న కస్టమర్లను మాత్రం పక్కన పెట్టారు. స్విస్ సంస్థలు బ్రిటన్‌లోని బాగా సంపన్నులకు పెట్టుబడి సేవలు నేరుగా ఇవ్వొచ్చు, బ్రిటిష్ బీమా సంస్థలు స్విట్జర్లాండ్‌లోని పెద్ద కంపెనీలకు కొన్నిరకాల జీవితేతర పాలసీలు అమ్మొచ్చు.

చిన్న కస్టమర్లను ఎందుకు వదిలేశారని అడుగుతారు. పెద్ద కంపెనీకి సొంత లాయర్లుంటారు, ఎవరి దగ్గర పాలసీ కొంటున్నామో చూసుకోగలదు. పింఛను డబ్బు పెట్టే మనిషికి ఆ అండ ఉండదు. ఆ మనిషి నష్టపోతే పార్లమెంటులో జవాబు చెప్పుకోవాల్సింది సొంత దేశపు మంత్రే. ఏ మంత్రీ ఆ బాధ్యతను పరాయి రెగ్యులేటర్ చేతిలో తేలిగ్గా పెట్టడు. అందుకే మీ వ్యాపారం రిటైల్ కస్టమర్లతో అయితే ఇలాంటి ఒప్పందాల మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి.

ఇలాంటి ఒప్పందానికి ఎంతకాలం పడుతుంది?

మీ బిజినెస్ ప్లాన్‌లో రాసుకున్నదానికన్నా ఎక్కువ. బ్రిటన్, స్విట్జర్లాండ్ ఈ దిశగా వెళ్తామని ఉమ్మడి ప్రకటన చేసింది 2020 జూన్‌లో. సంతకాలు 2023 చివర్లో. అమల్లోకి వచ్చింది 2026 జనవరి 1న. ఇద్దరూ అనుభవమున్నవాళ్లే, ఇద్దరికీ పని కావాలనే ఉంది. అయినా ఐదేళ్లు దాటింది.

ఒకసారి ఇచ్చిన గుర్తింపును వెనక్కి తీసుకున్న సందర్భాలున్నాయా?

ఉన్నాయి, ఆర్థిక రంగంతో సంబంధంలేని కారణాలకు కూడా. స్విస్ స్టాక్ ఎక్స్ఛేంజీలకు యూరోపియన్ యూనియన్ ఇచ్చిన ఈక్వివలెన్స్ గడువు 2019 జూన్ 30తో ముగిసింది, దాన్ని పొడిగించలేదు. స్విస్ మార్కెట్ నిబంధనల్లో లోపం దొరికి కాదు. రెండు పక్షాల మధ్య మొత్తం సంబంధాలను ఒక గొడుగు కిందికి తెచ్చే రాజకీయ ఒప్పందం ముందుకు కదలకపోవడంతో యూనియన్ దీన్ని ఒత్తిడికి వాడుకుంది. స్విట్జర్లాండ్ ఊరుకోలేదు. స్విస్ కంపెనీల షేర్లను యూనియన్‌లోని వేదికలపై ట్రేడ్ చేయకూడదని మర్నాటి నుంచే నిషేధం పెట్టింది. దాంతో ఆ ట్రేడింగ్ జ్యూరిచ్‌కే చేరింది. బ్రిటన్ యూనియన్ నుంచి విడిపోయాక 2021 ఫిబ్రవరిలో లండన్‌లో స్విస్ షేర్ల ట్రేడింగ్ మళ్లీ మొదలైంది.

ఇందులో బ్రోకర్లు చేసిన తప్పేమీ లేదు. అయినా ఆర్డర్లు ఎక్కడికి పంపాలన్న సాఫ్ట్‌వేర్‌ను రాత్రికి రాత్రి మార్చుకోవాల్సింది వాళ్లే.

భారత్‌కు ఇలాంటి అనుభవం ఉందా?

ఉంది, తెలుసుకోదగినదే. యూరోపియన్ బ్యాంకులు వేరే దేశంలోని క్లియరింగ్ కార్పొరేషన్‌లో సభ్యులుగా ఉండాలంటే, దాన్ని యూరోపియన్ మార్కెట్ రెగ్యులేటర్ ఎస్మా గుర్తించి ఉండాలి. 2022 అక్టోబర్ 31న ఎస్మా ఆరు భారతీయ క్లియరింగ్ సంస్థల గుర్తింపును రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. 2023 ఏప్రిల్ 30 నుంచి అమలు. వాటిలో ప్రభుత్వ బాండ్లు, విదేశీ మారకపు లావాదేవీలు క్లియర్ చేసే సీసీఐఎల్ ఉంది, స్టాక్ ఎక్స్ఛేంజీల క్లియరింగ్ సంస్థలు ఉన్నాయి, గుజరాత్‌లోని ఆర్థిక కేంద్రం గిఫ్ట్ సిటీలోవి కూడా ఉన్నాయి. వీటి మీద పర్యవేక్షణ ఆర్‌బీఐ, సెబీ, గిఫ్ట్ సిటీ రెగ్యులేటర్ ఐఎఫ్ఎస్‌సీఏలది.

ఎస్మా చెప్పిన కారణం ఒక్కటే. మారిన యూరోపియన్ చట్టం కోరే విధంగా భారత రెగ్యులేటర్లతో సహకార ఏర్పాట్లు లేవు. ఆ సంస్థలు బలహీనంగా ఉన్నాయని కాదు. భారత్ వైపు అభ్యంతరం కూడా సూటిగానే ఉంది: మా దేశంలో, మా చట్టం కింద నడిచే సంస్థను మేమే పర్యవేక్షిస్తాం, వేరే దేశపు రెగ్యులేటర్ వచ్చి తనిఖీలు చేయడం ఏమిటి?

మధ్యలో ఇరుక్కున్నది ముంబయిలో శాఖలున్న యూరోపియన్ బ్యాంకులు. గుర్తింపు ఉన్న క్లియరింగ్ సంస్థతో చేసే లావాదేవీల రిస్కుకు బాసెల్ నిబంధనల ప్రకారం 2 శాతం రిస్కు వెయిటే చాలు, అంటే బ్యాంకు పక్కన పెట్టాల్సిన మూలధనం చాలా తక్కువ. గుర్తింపు పోతే మూలధనం భారం ఎన్నో రెట్లు పెరుగుతుంది, సభ్యత్వమే ప్రశ్నార్థకమవుతుంది. జర్మనీ, ఫ్రాన్స్ రెగ్యులేటర్లు తమ బ్యాంకులకు 2024 అక్టోబర్ 31 దాకా వెసులుబాటు ఇచ్చి గండం కొంత వాయిదా వేశారు.

ఇదే సమస్యను బ్రిటన్‌తో ఎలా తేల్చుకున్నారో చూడండి. 2023 డిసెంబర్ 1న ఆర్‌బీఐ, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఎంఓయూ కుదుర్చుకున్నాయి. ఆర్‌బీఐ చేసే నియంత్రణ, పర్యవేక్షణ మీద బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఆధారపడేందుకు దారి చూపడమే దాని సారం. "మేమే వచ్చి చూస్తాం" అనే చోట "మీరు చూసింది నమ్ముతాం" అన్న మాట పడింది. సీసీఐఎల్ లెక్కలు ఆ రోజూ ఈ రోజూ అవే. మారింది ఇద్దరు రెగ్యులేటర్ల మధ్య వైఖరి.

అక్కడ బ్రాంచ్ పెట్టాలా, సబ్సిడియరీ పెట్టాలా?

ఖర్చు చూస్తే బ్రాంచ్ మేలు. విడి కంపెనీకి పెట్టినంత మూలధనం మామూలుగా కట్టిపెట్టనక్కర్లేదు. పర్యవేక్షణ ప్రధానంగా సొంత దేశానిది. సబ్సిడియరీ అయితే ఆతిథ్య దేశంలో విడి కంపెనీ, విడి బోర్డు, విడి మూలధనం. అయినా ఆతిథ్య దేశాలు రిటైల్ డిపాజిట్లు తీసుకునేవాళ్లను సబ్సిడియరీ పెట్టమని ఎందుకు పట్టుబడతాయో తెలియాలంటే ఐస్‌లాండ్ కథ వినాలి.

లాండ్స్‌బాంకీ అనే ఐస్‌లాండ్ బ్యాంకు 2006లో బ్రిటన్‌లో, 2008లో నెదర్లాండ్స్‌లో ఐస్‌సేవ్ పేరుతో ఆన్‌లైన్ డిపాజిట్లు మొదలుపెట్టింది. మంచి వడ్డీ ఇస్తామంది, జనం ఎగబడ్డారు. బ్రిటన్‌లోనే దాదాపు మూడు లక్షల మంది డిపాజిట్ చేశారు. ఐస్‌లాండ్ మొత్తం జనాభా అప్పటికి కాస్త అటూఇటూగా అంతే! ఐస్‌సేవ్ బ్రాంచ్ రూపంలో నడిచింది కాబట్టి డిపాజిట్ బీమా బాధ్యత ఐస్‌లాండ్ నిధిది. 2008 అక్టోబర్‌లో బ్యాంకు కూలినప్పుడు ఆ నిధి దగ్గర అంత డబ్బు ఎక్కడిది? బ్రిటన్, నెదర్లాండ్స్ ప్రభుత్వాలు తమ డిపాజిటర్లకు తామే చెల్లించి ఐస్‌లాండ్ మీద పడ్డాయి. చెల్లింపు ఒప్పందాలను ఐస్‌లాండ్ ప్రజలు 2010లో ఒకసారి, 2011లో ఇంకోసారి ఓటేసి తిప్పికొట్టారు. చివరికి 2013 జనవరి 28న ఈఎఫ్‌టీఏ (ఐస్‌లాండ్ సభ్యురాలిగా ఉన్న యూరోపియన్ స్వేచ్ఛా వాణిజ్య సంఘం) కోర్టు ఐస్‌లాండ్‌కు అనుకూలంగా తీర్పు ఇచ్చింది.

అదే వారంలో కూలిన ఇంకో ఐస్‌లాండ్ బ్యాంకు కౌప్థింగ్. దాని బ్రిటన్ వ్యాపారం సబ్సిడియరీ రూపంలో, బ్రిటన్ రెగ్యులేటర్ చేతికింద ఉండేది. ఆ ఆన్‌లైన్ డిపాజిట్లను అధికారులు నేరుగా ఐఎన్‌జీ డైరెక్ట్‌కు బదిలీ చేసేశారు. డిపాజిటర్‌కు రెండు వెబ్‌సైట్లూ ఒకేలా కనబడి ఉంటాయి. వెనక ఉన్న చట్టపరమైన రూపమే ఒకచోట ప్రభుత్వాల మధ్య నాలుగేళ్లకు పైగా గొడవను, ఇంకోచోట రోజుల్లో పరిష్కారాన్ని ఇచ్చింది.

హోల్‌సేల్ వ్యాపారమైతే (పెద్ద కంపెనీలు, సంస్థలతో) బ్రాంచ్‌తో నెట్టుకురావచ్చు. రిటైల్ డిపాజిట్లు మీ ప్లాన్‌లో ఉంటే సబ్సిడియరీకి సరిపడా మూలధనం ఇప్పుడే లెక్కలో పెట్టుకోండి.

కస్టమరే మమ్మల్ని వెతుక్కుంటూ వస్తే లైసెన్స్ అక్కర్లేదంటారు, నిజమా?

కొన్ని చట్టాల్లో ఆ వెసులుబాటు ఉంది. యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో, కస్టమర్ పూర్తిగా తన చొరవతోనే విదేశీ సంస్థ దగ్గరికి వస్తే ఆ సేవకు స్థానిక లైసెన్స్ అడగరు. దీన్ని అడ్డుపెట్టుకుని కొన్ని సంస్థలు వెబ్‌సైట్లో ఒక పాప్-అప్ పెట్టి, "నా అంతట నేనే వచ్చాను, ఒప్పుకుంటున్నాను" అనే బటన్ నొక్కించడం మొదలుపెట్టాయి. ఇలాంటి క్లాజులు, బటన్లు చెల్లవని 2021 జనవరిలో ఎస్మా బహిరంగంగా హెచ్చరించింది. మీ ప్రకటన చూసి వచ్చాడా, మీ ఏజెంట్ ఫోన్ చేశాడా అన్నదే చూస్తారు. వ్యాపారం మొత్తాన్ని ఈ మినహాయింపు మీద కట్టడం గాలిలో మేడ కట్టినట్టే.

మా ఫైళ్లు, ఆడిట్ కాగితాలు అవతలి దేశానికి వెళ్లిపోతాయా?

వెళ్లే అవకాశం ఉంది. అది ఎంత సున్నితమైన విషయమో అమెరికా, చైనాల మధ్య ఏళ్లపాటు నడిచిన పేచీ చూస్తే తెలుస్తుంది. అమెరికాలో లిస్టయిన కంపెనీల ఆడిటర్లను తనిఖీ చేసే అధికారం అక్కడి పీసీఏఓబీ సంస్థకు 2002 నాటి చట్టం ఇచ్చింది. చైనా మాత్రం దేశ రహస్యాలున్నాయంటూ తన గడ్డ మీది ఆడిట్ ఫైళ్లు చూపించనివ్వలేదు. 2020 ఏప్రిల్‌లో లకిన్ కాఫీ అనే చైనా కంపెనీ తన అమ్మకాల్లో కల్పిత లెక్కలున్నాయని బయటపెట్టడంతో అమెరికాలో సహనం నశించింది. తనిఖీకి ఒప్పుకోని దేశపు కంపెనీలను ఎక్స్ఛేంజీల నుంచి తీసేసేలా ఆ ఏడాది డిసెంబర్‌లో చట్టం వచ్చింది.

2022 ఆగస్టు 26న రెండు పక్షాలూ ఒక ప్రోటోకాల్ మీద సంతకాలు చేశాయి. ఆ తర్వాత అమెరికా ఇన్‌స్పెక్టర్లు హాంకాంగ్ వెళ్లి వారాల తరబడి ఫైళ్లు పరిశీలించారు. బీజింగ్‌కు వెళ్లకుండా హాంకాంగ్‌లో కూర్చోవడం ఇద్దరి పరువూ నిలిపిన మధ్యేమార్గం. డిసెంబర్ 15న, తమకు పూర్తి ప్రవేశం దొరికిందని పీసీఏఓబీ ప్రకటించింది. సుమారు రెండు వందల కంపెనీల మెడ మీద వేలాడిన కత్తి అలా కొంత పక్కకు జరిగింది.

మీ వరకు చేయాల్సింది: ఏ కాగితం ఏ దేశపు రెగ్యులేటర్‌కు, ఎవరి ద్వారా వెళ్లొచ్చో ముందే రాసిపెట్టుకోవడం. పరాయి రెగ్యులేటర్ నుంచి నేరుగా ఈమెయిల్ వస్తే కంగారుపడి అటాచ్‌మెంట్లు పంపేయకండి. సొంత రెగ్యులేటర్ అనుమతి లేకుండా పంపితే ఇక్కడ కేసు, పంపకపోతే అక్కడ కేసు. ఎంఓయూలో ఉన్న దారి ఇలాంటప్పుడే మీకు రక్ష.

కస్టమర్ల డేటాను ఎక్కడైనా దాచుకోవచ్చా?

దేశాన్ని బట్టి, సేవను బట్టి. చెల్లింపుల డేటాను భారత్‌లోనే భద్రపరచాలని ఆర్‌బీఐ 2018 ఏప్రిల్‌లో ఆదేశించింది. సర్వర్లు ఎక్కడున్నాయో క్లౌడ్ కాంట్రాక్టుపై సంతకం చేసే ముందే అడగండి. తర్వాత మార్చాలంటే తల ప్రాణం తోకకొస్తుంది.

ఫిన్‌టెక్ బ్రిడ్జ్ అంటారు, అదేమిటి?

పేరు ఘనంగా ఉంటుంది. అసలు సంగతి: ఒక దేశపు రెగ్యులేటర్ తన దగ్గరున్న స్టార్టప్‌ను ఇంకో దేశపు రెగ్యులేటర్‌కు పరిచయం చేస్తుంది. ఆస్ట్రేలియా, బ్రిటన్ రెగ్యులేటర్లు 2016 మార్చిలో ఇలాంటి ఒప్పందం చేసుకున్నారు. ఆ మే నెలలో బ్రిటన్, సింగపూర్ కూడా. లైసెన్స్ మినహాయింపు అందులో లేదు. కాకపోతే సరైన అధికారి టేబుల్ దగ్గరికి నేరుగా వెళ్లగలగడం చిన్న కంపెనీకి చిన్న సాయమేమీ కాదు.

నిజంగా జనం చేతిలోకి వచ్చిన ఫలితం కావాలంటే చెల్లింపుల వైపు చూడండి. 2023 ఫిబ్రవరి 21న భారత్ యూపీఐ, సింగపూర్ పేనౌ అనుసంధానమయ్యాయి. ఫోన్ నంబర్‌కో యూపీఐ ఐడీకో డబ్బు పంపొచ్చు. మొదట్లో భారత్ నుంచి రోజుకు రూ.60,000 పరిమితి పెట్టారు. తెర మీద రెండు నొక్కుల పనే. వెనక మాత్రం కేవైసీ ఎవరిది, అనుమానాస్పద లావాదేవీని ఎవరు ఆపాలి, తప్పు ఖాతాకు వెళ్తే ఎవరు జవాబుదారీ అన్నవన్నీ ఆర్‌బీఐ, సింగపూర్ ద్రవ్య ప్రాధికార సంస్థ కలిసి తేల్చుకోవాల్సిన విషయాలే.

స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంలో ఆర్థిక సేవల అధ్యాయం ఉంటే మార్కెట్ తెరుచుకున్నట్టేనా?

కొంతవరకే. భారత్, బ్రిటన్ 2025 జూలై 24న సంతకం చేసిన ఒప్పందంలోనూ ఆర్థిక సేవలకు విడి అధ్యాయం ఉంది. ఇలాంటి అధ్యాయాల్లో విదేశీ సంస్థల మీద వివక్ష చూపకూడదనే హామీలుంటాయి. పక్కనే ఇంకో క్లాజు కూడా ఉంటుంది. డిపాజిటర్లను, మదుపరులను, పాలసీదారులను కాపాడేందుకు, ఆర్థిక వ్యవస్థ స్థిరత్వం కోసం దేశం అవసరమైన చర్యలు తీసుకోవచ్చు. ప్రపంచ వాణిజ్య సంస్థ సేవల ఒప్పందం అనుబంధంలోనే ఇది ఉంది, తర్వాతి ఒప్పందాలు దాన్నే అనుసరించాయి. వాణిజ్య మంత్రిత్వశాఖ తలుపు తెరిచినా తాళంచెవి రెగ్యులేటర్ జేబులోనే ఉంటుంది. ఈ క్లాజు ఉండాల్సిందే. లేకపోతే 2008 లాంటి సమయంలో ప్రభుత్వం చేతులు కట్టుకుని కూర్చోవాలి.

పన్నులు, మనీ లాండరింగ్ కూడా ఇందులోకే వస్తాయా?

దారులు వేరు, కాగితాలు వేరు. మనీ లాండరింగ్‌కు 1989లో ఏర్పడిన అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఏటీఎఫ్ ప్రమాణాలున్నాయి. పన్ను సమాచారానికి భారత్, అమెరికా 2015 జూలై 9న చేసుకున్న ఫాట్కా (విదేశీ ఖాతాల వివరాలు అడిగే అమెరికా పన్ను చట్టం) ఒప్పందం లాంటివి ఉన్నాయి. అమెరికాలో ఉంటున్నవాళ్లు ఇక్కడ మ్యూచువల్ ఫండ్ కొనబోతే అదనపు డిక్లరేషన్ అడిగేది దీనివల్లే. మీ కస్టమర్‌కు మాత్రం అన్నీ కలిపి ఒకే ఫారంలా కనిపిస్తాయి, చికాకు మీ మీద చూపిస్తాడు.

చిన్న కంపెనీ గొంతు ఈ చర్చల్లో వినిపిస్తుందా?

మంత్రుల స్థాయి చర్చల్లో వినిపించదు. అంతకుముందు వచ్చే కన్సల్టేషన్ పేపర్లలో వినిపిస్తుంది. చాలామంది అసోసియేషన్ పంపే ఉమ్మడి లేఖలో పేరు కలిపి సరిపెట్టుకుంటారు. దానికన్నా, ఏ నిబంధన వల్ల ఏ పని రెండుసార్లు చేయాల్సి వస్తోందో, ఎంత ఖర్చవుతోందో ఒక పేజీలో రాసి విడిగా పంపితే ఎక్కువ పనికొస్తుంది. చర్చలకు కూర్చునే అధికారికి కావాల్సింది ఇలాంటి ఉదాహరణలే. "వ్యాపారం సులభతరం చేయాలి" అనే వాక్యం ఆయన ఇప్పటికే చాలాసార్లు చదివి ఉంటాడు.

వెళ్లాలని నిర్ణయించుకున్నాం. లాయర్‌ను మొదట ఏం అడగాలి?

"లైసెన్స్ కావాలా?" అనే ఒక్క ప్రశ్నతో ఆగకండి. మా సేవ అక్కడి చట్టంలో ఏ పేరుతో ఉంది? ఇక్కడ సలహా అనుకునేది అక్కడ పోర్ట్‌ఫోలియో నిర్వహణ కిందికి రావచ్చు. మేం ఆధారపడుతున్న గుర్తింపు ఏ పత్రంలో ఉంది, దాన్ని రద్దు చేయాలంటే ఎన్నిరోజుల నోటీసు ఇవ్వాలి? రద్దయితే నడుస్తున్న కాంట్రాక్టులు ఏమవుతాయి? ఈ చివరి ప్రశ్నకు జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. బ్రెగ్జిట్ సమయంలో బీమా సంస్థలకు నిద్రలేకుండా చేసింది అదే. పాత పాలసీ మీద క్లెయిమ్ చెల్లించడానికి కూడా కొత్త లైసెన్స్ కావాలేమోనని టెన్షన్ పడ్డారు.

విదేశీ సంస్థ చేతిలో మోసపోతే మా కస్టమర్ ఎవరికి ఫిర్యాదు చేయాలి?

మొదట సంస్థకు, తర్వాత ఆ సంస్థకు లైసెన్స్ ఇచ్చిన రెగ్యులేటర్‌కు. ఆ దేశంలో అంబుడ్స్‌మన్ ఉంటే అక్కడికీ వెళ్లొచ్చు, విదేశీ కస్టమర్ల ఫిర్యాదులు తీసుకుంటారో లేదో ముందు కనుక్కోవాలి. సొంత దేశపు రెగ్యులేటర్‌కు కూడా ఒక కాపీ పంపడం మంచిది. ఎంఓయూ ద్వారా సమాచారం కోరే అధికారం వాళ్లకే ఉంటుంది, వ్యక్తులు నేరుగా వాడుకోలేరు. ఆ సహకారం తప్పు చేసినవాళ్లను శిక్షించడానికి పనికొస్తుంది. పోయిన డబ్బు తిరిగి రావడమన్నది వేరే విషయం, దానికి మామూలుగా కోర్టు మెట్లెక్కాల్సిందే.

డబ్బు కట్టకముందే అయితే పని చాలా తేలిక. ఆ దేశపు రెగ్యులేటర్ వెబ్‌సైట్లో ఉన్న రిజిస్టర్‌లో సంస్థ పేరు, లైసెన్స్ నంబర్, వెబ్‌సైట్ చిరునామా మూడూ సరిపోలుతున్నాయా చూడమనండి. అసలు సంస్థ పేరును కాజేసి ఒక్క అక్షరం తేడాతో వెబ్‌సైట్ పెట్టేవాళ్లు ఉన్నారు కాబట్టి మూడూ చూడాలి. ఏయే సంస్థల మీద ఏ దేశం హెచ్చరిక జారీ చేసిందో ఐఓఎస్‌సీఓ వెబ్‌సైట్లో ఒకేచోట వెతకవచ్చు, రుసుమేమీ లేదు.